పసుపు పాటలో రంగం పిల్ల

మా ఇంట్లో ఆడపిల్ల పెళ్ళికి పసుపు దంచేటప్పుడు ఒక పాట పాడతారు. అందులో మనుషుల పేర్లుండవు, ఊళ్ళ పేర్లే ఉంటాయి. మా ఇంటికి కోడళ్ళు ఏయే ఊళ్ళ నుంచి వచ్చారో, మా ఆడపిల్లలు ఏయే ఊళ్ళకు వెళ్ళారో వరసగా చెబుతుంది ఆ పాట. మందస, బారువ, పూండి, టెక్కలి, ఇలా ఒక్కో ఊరికి ఒక్కో రోకటి పోటు. పాడుతూ పాడుతూ చివరి దగ్గరకొచ్చేసరికి ‘రంగం పిల్లొచ్చె, దంచవే పసుపు’ అని ఒక ముక్క వస్తుంది.

రంగం అంటే బర్మాలోని రంగూను. మా వైపు అందరూ అలాగే అంటారు. ‘‘ఈ రంగం పిల్ల ఎవరు తాతా?’’ అని మనవరాళ్ళు అడిగినప్పుడల్లా నేను ఒక్కోసారి ఒక్కో కథ చెప్పాను. ఒకసారి ఆవిడ బర్మా జమీందారు కూతురు. ఇంకోసారి ఓడ మునిగిపోతే బారువ ఒడ్డుకు కొట్టుకొచ్చిన చక్కని చుక్క. మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ నేను ఆ కథ ఎత్తుకున్నప్పుడల్లా మజ్జిగ చెంబు నేల మీద కాస్త గట్టిగా పెట్టేది. అంటే ఇక చాలించమని. ఇప్పుడు ఆ చప్పుడు లేదు. అందుకని నా అంతట నేనే చాలించి నిజం చెప్పేస్తున్నాను. రంగం పిల్ల మనిషి కాదు. గ్రామఫోను పెట్టె.

అప్పట్లో మా ఉద్దానం కుర్రాళ్ళు బారువ రేవులో స్టీమరెక్కి రంగం పోయేవారు. నేనూ వెళ్ళాను. రెండేళ్ళుండి తిరిగొచ్చేటప్పటికి నాకు ఇరవై మూడో ఏడు. అక్కడ దొరల ఆఫీసులో గుమాస్తాగిరీ చేశానని ఊళ్ళో చెప్పుకున్నాను. చేసింది బియ్యం మిల్లులో బస్తాలు మోయడం. గ్రామఫోనును మా దొర మెచ్చుకుని ఇచ్చాడని చెప్పాను. ఇచ్చింది నా పక్క చాప మీద పడుకునే కూలీ. అతను ఇంకా దూరం పనికి వెళ్ళిపోతూ, మోసుకెళ్ళలేక నాకు వదిలేశాడు. దాని ఇత్తడి బాకాకు ఒక పక్క సొట్ట. ఉన్న ప్లేటు ఒక్కటే. అందులో ఎవరో నాటకాల రాజు, కొడుకు పోయాడని పద్యం ఎత్తుకుంటాడు. ప్లేటు మీద గీత పడడం వల్ల నాలుగు మాటలయ్యేసరికి ముల్లు చిక్కుకుని, రాజు ‘హా... హా...’ అంటూ అక్కడే ఉండిపోతాడు. మనం ముల్లు పైకెత్తేదాకా ఏడుస్తూనే ఉంటాడు.

ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుని బారువ నుంచి ఇసుకలో నడిచి ఇంటికొచ్చాను. దారి పొడుగునా పది ఊళ్ళ జనం నా వెనక పడ్డారని చెబుతూ ఉంటాను. వెనక పడ్డవి రెండు కుక్కలు. మా వీధిలోకి వచ్చాక మాత్రం నిజంగానే మనుషులు మూగారు. పెట్టెను అరుగు మీద దించి కీ ఇచ్చాను. రాజు ఏడ్చాడు. అందరూ నోళ్ళు తెరిచారు. మా మామ్మ, అంటే మా అయ్యను కన్నతల్లి, ఒక్కతే బాకా దగ్గరకొచ్చి లోపలికి తొంగిచూసింది.

‘‘ఇది మాటాడతాది, సరే. ఇంటాదేటి?’’

నేను అప్పటికే పూరీలా పొంగి ఉన్నాను. ‘‘ఇనకపోతే ఎలగ మాటాడతాది మామ్మా? ఇంటాది. ఇన్నది ఇన్నట్టు కడుపులో దాసుకుంటాది. మల్లీ ఎప్పుడడిగితే అప్పుడు సెప్తాది.’’

మా తాతయ్య ఆ పక్కనే కూర్చుని కొబ్బరి పీచుతో తాడు పేనుతున్నాడు. చేతిలో పని ఆపకుండానే అన్నాడు: ‘‘యాబై ఏళ్ళై నాను సెప్తంటే ఇనని మడిసివి, పెట్టె ఇంటాదంటే నమ్మీసినావేటే?’’

మామ్మ ఆయన వైపు తిరగలేదు. బాకా వంకే చూస్తోంది. ఆకలితో ఉన్నవాళ్ళు అన్నం వంక చూసినట్టు చూసింది.

ఆ చూపు ఎందుకో నాకు మర్నాడు తెలిసింది. మా చెల్లికి కోటబొమ్మాళి సంబంధం కుదిరి ఉంది. ఇంకో పది రోజుల్లో పసుపు దంచాలి. ఆ పాట ఇంట్లో మామ్మకొక్కతికే వచ్చు. దానికి కట్టుబాట్లు ఎక్కువ. అత్త ఉండగా కోడలు దాన్ని నోట పట్టకూడదు. చేతిలో రోకలి లేకుండా ఊరికే పాడకూడదు. పెళ్ళి లేకుండా మనిషి ఎదురుగా పాడకూడదు. అంచేత అది ఏ నాలుగైదేళ్ళకో ఒకసారి మామ్మ నోట వినబడి, మళ్ళీ మామ్మ కడుపులోకే వెళ్ళిపోయేది. ఈ మధ్య ఆవిడకు మరుపు పట్టుకుంది. ఉప్పు వేసిన కూరలో మళ్ళీ ఉప్పు వేస్తోంది. పాటలో ఏ ఊరు జారిపోతుందోనని ఆవిడ దిగులు.

చెల్లి దిగులు ఇంకొకటి. మా తాతయ్య చెల్లెలొకావిడ పెళ్ళికి, ఇంట్లో ఎవరో పోయి మైల రావడంతో పాట లేకుండానే పసుపు దంచారట. ఆవిడ మళ్ళీ పుట్టింటి గడప తొక్కలేదట. అది పాట లేకపోవడం వల్లనో, ఆవిడ అత్తగారి వల్లనో ఎవరికి తెలుసు? చెల్లి మాత్రం పాట వల్లనే అనుకుంది. నూతి దగ్గర నన్ను పట్టుకుని నెమ్మదిగా అడిగింది: ‘‘అన్నియ్యా, మామ్మ మరిసిపోతే నా ఊరు పాటలో పడదేటి? నాను మల్లీ ఈ ఇంటికి రానేటి?’’

‘‘పెట్టె ఉన్నాది గదే,’’ అన్నాను నేను. ఒకసారి మొదలుపెట్టాక అబద్ధం ఆపడం నాకు చేతకాదు.

ఆ పొద్దున్నే మామ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. పనస చెట్టు కింద రోట్లో ధాన్యం పోసి, రోకలి పట్టుకుని నిలబడి ఉంది. ‘‘పెట్టె మడిసి కాదు గదా. దాని ఎదురుగా పాడితే తప్పు నేదు. నువ్వు కీ తిప్పీవోడివి, లెక్కకి రావు. అట్టుకురా,’’ అంది.

అప్పుడే నిజం చెప్పేయాల్సింది. మామ్మ నవ్వేసి ఊరుకునేది. కాని ఆవిడ జుట్టు దువ్వి ముడి వేసుకుని, నలగని చీర కట్టుకుని వచ్చింది. పెట్టె ముందు అలా ముస్తాబై నిలబడ్డ మనిషికి, ఇది చెవిటిదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పెట్టె తెచ్చి ముల్లు పైకెత్తి పెట్టి, ఊరికే కీ ఇచ్చాను. ప్లేటు గుండ్రంగా తిరిగింది. మామ్మ పోటు వేసింది.

‘‘మందస పిల్లొచ్చె, దంచవే పసుపు. బారువ పిల్లొచ్చె, దంచవే పసుపు...’’

నలభై ఊళ్ళు. కాదు, పదిహేడు. కాని ఆ రోజు నాకు నలభై అనిపించాయి. మధ్యలో కీ అయిపోతే మళ్ళీ ఇవ్వాలి. ఇవ్వకపోతే ప్లేటు ఆగుతుంది. ప్లేటు ఆగితే మామ్మ ఆగుతుంది. తొమ్మిదో ఊరి దగ్గర ఆవిడ నాలుక కరుచుకుంది.

‘‘ఆగాగు! సోంపేట కాదురా, ముందు హరిపురం. తుడిపీ!’’

‘‘ఏటి తుడిపీమంతావు?’’

‘‘తప్పు పాడినాను గదా. పెట్టె ఇనీసుంతాది. బేగి తుడిపీ!’’

నేను పంచె చెంగుతో ప్లేటు తుడిచాను. ఆవిడ దగ్గరకొచ్చి చూసి, ‘‘ఆ మూల ఇంకా ఉన్నట్టుంది, సూడు,’’ అంది. ఆ మూల కూడా తుడిచాను. మళ్ళీ మందస నుంచి మొదలు.

ఇలా ఎనిమిది పొద్దులు. రోజూ ఎక్కడో ఒకచోట తప్పేది, రోజూ తుడిపించేది. ఏ రోజైనా తప్పు లేకుండా వస్తే, ‘‘ఇంకోపాలి పాడతాను, గట్టిగా పట్టుకుంతాది,’’ అనేది. ఇంట్లో పది రోజుల బియ్యం ముందే దంపుడైపోయాయి. నేను కీ తిప్పుతూ ఇంకో సంగతి కనిపెట్టాను. పాట మధ్యలో, తొమ్మిదో పదో ఊరు దాటాక ఒకచోట మామ్మ ఏమీ పాడకుండా రోకలి పోటు మాత్రం వేసేది. రోజూ సరిగ్గా అక్కడే.

‘‘మామ్మా, ఇక్కడ ఒక పోటు ఊరికే పోతాదేటి?’’

‘‘ఊపిరి తీసుకోవద్దేటిరా? నాను పెట్టెనేటి?’’ అంది.

పసుపు దంచడానికి రెండు రోజుల ముందు ముసురు పట్టింది. మామ్మ తడిసింది. తెల్లారేసరికి గొంతు పూడుకుపోయింది. మిరియాల కషాయం తాగించాం, ఉప్పు కాపడం పెట్టాం. పసుపు దంచే పొద్దున పెరట్లో ముత్తైదువులు చేరారు. టెక్కలి నుంచి మేనత్త వచ్చింది, కూడా ఆవిడ కొడుకు, నాకు బావ, వచ్చాడు. రోలుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, తోరం కట్టారు. కాశీబుగ్గ సంత నుంచి తెచ్చిన పసుపు కొమ్ములు రోట్లో పోశారు. రెండో రోకలి మా అమ్మ పట్టుకుంది. అందరూ మామ్మ వైపు చూశారు. ఆవిడ మెడకు గుడ్డ చుట్టుకుని పనస చెట్టు మొదట్లో కూర్చుని ఉంది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. కాని ఆవిడ ముఖంలో బెంగ లేదు. నన్ను దగ్గరకు పిలిచి చెవిలో గుసగుసగా అంది:

‘‘పెట్టె ఉన్నాది గదరా. తే.’’

అప్పుడు నేను అందరి మధ్యా లేచి నిలబడి, చేతులు జోడించి తప్పు ఒప్పుకున్నానని మనవలకు చెబుతుంటాను. అది అబద్ధం. పెట్టె తెచ్చి రోటి పక్కన పెట్టి, ‘‘ముల్లు మరిసిపోనాను, తెత్తాను,’’ అని చెప్పి పారిపోయాను. మా తోట దాటాక ఇసుక దిబ్బ మీద మొగలి డొంక ఉండేది. దాని వెనక కూలబడ్డాను. అటువైపు సముద్రం, ఇటువైపు పదిహేను మంది ఆడవాళ్ళు. ఎటు పోవాలో తెలియలేదు.

కాసేపటికి చెల్లి వెతుక్కుంటూ వచ్చింది.

‘‘ముల్లు మొగలి డొంకలో దొరుకుతాదేటి అన్నియ్యా?’’

అది నా ముఖం చూసి నవ్వు ఆపేసింది.

‘‘దానికి పాట రాదు, కాదా?’’

‘‘రాదు. అది ఇనదే చెల్లీ. మాటాడ్డమే గాని ఇనడం దానికి తెలీదు. నాను ఊరికే అనీసినాను.’’

చెల్లి ఇసుకలో నా పక్కన కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాసేపు కాలి వేలితో ఇసుక గీసి, అంది: ‘‘నీకొచ్చు.’’

‘‘ఏటి?’’

‘‘పాట. నాలుగు దినాలై సూత్తన్నాను. నూతి కాడ సేద లాగినపుడు పాడతన్నావు. ఎడ్లకి కుడితి పెడతా పాడతన్నావు. నీకే తెలీదు.’’

నిజంగానే నాకు తెలియదు. అక్కడే, ఆ ఇసుకలో కూర్చుని, మనసులో మందస అని మొదలుపెట్టి చూశాను. ఒకదాని వెనక ఒకటి ఊళ్ళన్నీ వచ్చేశాయి, హరిపురం ముందు, సోంపేట వెనక. ఎనిమిది రోజులు కీ తిప్పిన చెయ్యి కూడా ఆ లెక్కకే ఊగుతోంది.

‘‘ఓలమ్మ! మగోడు దంపుడు పాట పాడితే నవ్వి సత్తారు,’’ అన్నాను.

‘‘అత్త ఉండగా కోడలు పాడకూడదన్నారు. మనవడు పాడకూడదని ఎవులన్నారు?’’ అని లేచి పరికిణీ దులుపుకుంది. ‘‘నవ్వితే నవ్వుతారు. నాను మల్లీ రావాలా, వద్దా?’’

నేనూ ఇసుక దులుపుకుని దాని వెనకే వచ్చాను.

పెట్టె పక్కన కూర్చుని కీ ఇచ్చాను. కీ ఎందుకిచ్చానంటే, అది లేకపోతే నాకు పాట రాదేమోనని భయం. ప్లేటు తిరిగింది. ముల్లు పైనే ఉంది. కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాను. నా గొంతు విని సరుగుడు తోటలు ఊగాయని చెబుతూ ఉంటాను గాని, ఊగింది గాలికి. నా గొంతు, తల్లి కోసం అరిచే పెయ్యదూడ గొంతు.

‘‘ఓరి బావో! పెట్టెకి మీసాలొచ్చినాయిరో!’’ అని అరిచాడు మేనత్త కొడుకు. వెంటనే చెంప మీద చెయ్యి పడిన చప్పుడు. కళ్ళు తెరిచి చూస్తే వాడి చెంప మీద మేనత్త అయిదు వేళ్ళు పసుపు రంగులో అచ్చుపడి ఉన్నాయి. ‘‘నోరు మూసుకో. నా ఊరొత్తాది, ఇననీ,’’ అంది ఆవిడ. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. మేనత్త, అమ్మ రోకళ్ళు పట్టారు. నా పాటకు వాళ్ళ పోట్లు పడ్డాయి.

అలా పాడుకుంటూ ఆ ఖాళీ పోటు దగ్గరకు వచ్చాను. మామ్మ లాగానే నేనూ నోరు మూసుకున్నాను. కాని పోటు పడలేదు. అమ్మ రోకలి పైకెత్తి పట్టుకుని, దించకుండా నా వంక చూస్తోంది.

‘‘పాడే మడిసి తన ఊరు తాను పాడుకోకూడదురా,’’ అంది నెమ్మదిగా. ‘‘అందుకని అత్త అక్కడ ఉత్తి పోటు ఏసీది. ఇప్పుడు పాడతన్నది నువ్వు.’’

నేను మామ్మ వైపు చూశాను. ఆవిడ నేల చూస్తోంది. పెళ్ళిచూపుల్లో ఆడపిల్లలు చూసినట్టు.

మామ్మది అక్కుపల్లి. సముద్రం ఒడ్డున, మా ఊరికి పట్టుమని రెండు క్రోసుల దూరం లేదు.

‘‘అక్కుపల్లి పిల్లొచ్చె, దంచవే పసుపు...’’

రెండు రోకళ్ళూ ఒకేసారి పడ్డాయి. మామ్మ తల ఎత్తింది. తన అత్త పోయిన దగ్గర నుంచి ఆ పాట ఆవిడే పాడుతోంది. ప్రతి పెళ్ళికీ అందరి ఊళ్ళూ పాడింది. అత్త పోయాక తన ఊరు పాటలో పడగా వినడం అదే మొదటిసారి. గొంతు లేదు గనక ఒక వేలు ఎత్తి చూపించింది. ఇంకోసారి, అని. ఆ పాటలో ఏ ఊరూ రెండుసార్లు పాడరు. నేను పాడాను. అమ్మ, మేనత్త మళ్ళీ పోటు వేశారు. పెరట్లో అందరూ ఏడ్చారని చెప్పుకుంటాను గాని, ఏడ్చింది నేనొక్కడినే. మామ్మ నవ్వుతోంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొత్తగా కాపురానికొచ్చిన దానిలా నవ్వుతోంది. తాతయ్య వీధి అరుగు మీద నుంచి గొంతు సవరించుకున్నాడు. విన్నాడన్నమాట.

చివరికి ‘కోటబొమ్మాళికీ మా పిల్ల పోయె’ అని పాడాను. చెల్లి తృప్తిగా తల ఊపింది. అది ఎన్ని మాట్లు తిరిగొచ్చిందంటే, ఒక దశలో మా అమ్మే, ‘‘ఇంక ఎల్లవే, మీ అత్త ఏటనుకుంతాది,’’ అని పంపించేది.

మొన్న మనవరాలి పెళ్ళికి ఎవరో టేపురికార్డరు తెచ్చి పెట్టారు. ఇది నిజంగానే వింటుంది. నా కోడలు పాడింది. మా ఆవిడ ఊరు ఇప్పుడు పాటలో ఉంది. కోడలు తన ఊరి దగ్గర ఊరికే ఒక పోటు వేసి ముందుకు పోయింది. టేపు ఆ ఉత్తి పోటును కూడా పట్టుకుంది. మంచిదే. యంత్రాలొచ్చి మన ఆచారాలను మింగేస్తాయని భయపడేవాళ్ళతో నాకు పేచీ లేదు. ఆ టేపును వినేటప్పుడు పక్కన రోకలి పట్టుకుని ఒక మనిషి కూర్చుంటే చాలు, ఆ ఖాళీ ఎవరిదో వాళ్ళు చెబుతారు. ఎవరూ కూర్చోకపోతే మాత్రం, నా కోడలు ఊపిరి తీసుకుందనుకుంటారు.

అసలు సంగతి ఇంకా మిగిలే ఉంది. పెళ్ళయిన వారానికి మామ్మకు గొంతు వచ్చింది. నేను పెరట్లో ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. పెట్టె వినదని, వినలేదని, తుడిచింది ఉత్తినే అని. ఆ పూట అన్నం వడ్డించింది గాని నా వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది. మర్నాడు పొద్దున్న తనే పిలిచింది.

‘‘అయితే ఎనిమిది దినాలు నాను ఎవులికి పాడినానురా?’’

‘‘నాకే మామ్మా.’’

‘‘తుడిపీమన్నవి?’’

‘‘అయ్యి కూడా ఉండిపోనాయి. నువ్వు ఎక్కడెక్కడ తప్పినావో అదీ ఒచ్చు.’’

ఆవిడ పెదవుల దగ్గర ఏదో కదిలింది. ‘‘దొంగ గుంటడా,’’ అంది. పెట్టె వైపు చూసి, ‘‘మరి దీనికి ఏటొచ్చు?’’ అని అడిగింది.

‘‘ఏడుపొకటే.’’ కీ ఇచ్చి ముల్లు దించాను. రాజు నాలుగు మాటలు పాడి, ‘హా... హా...’ దగ్గర చిక్కుకున్నాడు.

మామ్మ చాలాసేపు విన్నది. ‘‘ఏడవదేటి పాపం! ఎక్కడి రంగం, ఎక్కడి ఉద్దానం. సముద్రం దాటించి తెచ్చినావు. నాను అక్కుపల్లి నించొచ్చి ఆర్నెల్లు ఏడిసినాను. సూడు మరి, నీ నెత్తినెక్కి ఒచ్చినాది, ఒక బొట్టు పెట్టినోళ్ళు నేరు, ఆరతి ఇచ్చినోళ్ళు నేరు,’’ అని లేచింది. ‘‘బయటికి తీసుకుపో దాన్ని.’’

నేను పెట్టెను వీధి గుమ్మం బయటకు మోసుకెళ్ళాను. మామ్మ పళ్ళెంలో ఎర్రనీళ్ళు తెచ్చి దిష్టి తీసింది. బాకా అంచుకు పసుపు రాసింది, సొట్ట ఉన్న చోట ఇంకాస్త ఎక్కువ రాసింది. కుంకుమ పెట్టింది.

‘‘పాటలో దీని ఊరు కోటబొమ్మాళికి ముందు పెట్టు. సెల్లి ఎల్లకముందే ఒచ్చింది గదా ఇది,’’ అంది. అందుకే తర్వాత వచ్చిన మా ఆవిడ, ఆ పెట్టెను చివరిదాకా ‘‘మీ ఇంటి పెద్ద కోడలు’’ అనే దెప్పేది.

తాతయ్య తాడు పేనడం ఆపి చూస్తున్నాడు. నేను పెట్టె ఎత్తుకుని గడప దగ్గరకు వచ్చాను. మామ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

‘‘ఆగు. దీనికి కుడికాలు ఏదిరా?’’

నేను కాసేపు ఆలోచించి, కీ ఉన్న వైపు ముందుకు తిప్పి గడప దాటించాను.